మాదాపూర్‌లో విన్న డాక్టరు గొంతు

నేను రిటైరైన కాలేజీలో ఇప్పుడు ఇంగ్లీషు చెబుతున్న ఇద్దరు అమ్మాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. లిటరేచర్ పిల్లలకు ఇంటర్న్‌షిప్‌లు చూపించే పని వాళ్ళ నెత్తిన పడిందట. "మీరున్నప్పుడు మీరే చూసేవారట కదా మేడం, ఎక్కడ వెతికేవారు? ఎవర్ని అడిగేవారు?" అన్నారు. కాఫీ తాగుతూ తోచినవి చెప్పాను. స్వరూప సంగతి మాత్రం చెప్పలేదు. అది కాఫీ తాగుతూ చెప్పేది కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక, ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది అదేనేమో అనిపించి రాస్తున్నాను.

జీడిమెట్లలో మొదలు

తొంభైల చివరి సంవత్సరాల మాట. మా కాలేజీ బొంబాయి హైవే పక్కన ఉండేది. కంప్యూటర్ పిల్లల కోసం కంపెనీల వాళ్ళే కార్లేసుకుని వచ్చేవారు. బీఏ ఇంగ్లీషు లిటరేచర్ వాళ్ళని అడిగే నాథుడు లేడు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీ పిల్లలకు కూడా బయట ఏదో ఒక ట్రైనింగ్ చూడండమ్మా. లేకపోతే వచ్చే ఏడు మీ సెక్షన్ ఉండదు" అన్నారు. ఇంటర్న్‌షిప్ అనే మాట అప్పటికి మా దాకా రాలేదు. ట్రైనింగ్ అనేవాళ్ళం, అంతే.

మొదట జీడిమెట్ల వెళ్ళాను. ఒక మందుల కంపెనీ మేనేజరు నన్ను కూర్చోబెట్టి, "పద్యాలు చదువుకున్న పిల్లలు నా దగ్గర ఏం చేస్తరమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. టేబుల్ మీద వాళ్ళ మందు డబ్బాలో పెట్టే కాగితం ఉంది. అందులో రెండు వాక్యాలు చదివి వినిపించి, "ఇది తిండికి ముందు వేసుకోవాలా, తర్వాతా?" అని అడిగాను. ఆయన ఆ కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "రేపట్నుంచి ఇద్దరిని పంపుండ్రి" అన్నాడు.

అప్పట్నుంచి నేను ఎక్కడికి వెళ్ళినా మా పిల్లలకు లిటరేచర్ వచ్చని చెప్పడం మానేశాను. మీ కాగితాలు ఎవరికి అర్థం కావడం లేదో చెప్పండి, అక్కడికి పంపిస్తాను అనేదాన్ని. ఇప్పుడు అందరూ కమ్యూనికేషన్ స్కిల్స్ అంటున్నారు. ఆ మాట వినగానే అవతలివాడు ఇంకేమీ వినడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ట్రావెల్స్ ఆఫీసు వాళ్ళు మా అమ్మాయిని ట్రైనింగ్ పేరుతో తీసుకుని, వచ్చినవాళ్ళకు టీలు అందించమన్నారు. అప్పుడు నేను వెళ్ళి ఆ అమ్మాయిని వెనక్కి తెచ్చేసుకున్నాను. పిల్లల్ని పంపే ముందు వాళ్ళు కూర్చోబోయే కుర్చీ మీరు వెళ్ళి చూడాలి. చూశాక కూడా మధ్యమధ్యలో వెళ్తూ ఉండాలి.

రాళ్ళ మధ్య ఆఫీసు

మాదాపూర్ అప్పుడు ఇప్పటిలా లేదు. గుండ్రటి అద్దాల భవనం ఒకటి కొత్తగా లేచింది. చుట్టూ కొండరాళ్ళు, తుమ్మ చెట్లు, ఎర్రమట్టి. రోడ్లు వేయడానికి రాళ్ళు పేల్చేవాళ్ళు. మధ్యాహ్నం పూట ఎవరో ఈల వేసేవారు. పనిచేసేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవారు. పక్షులు కూడా అరవని ఒక నిశ్శబ్దం. తర్వాత భూమిలోంచి ఒక దెబ్బ. కాళ్ళకు ముందు తెలిసి చెవులకు తర్వాత వినిపించేది.

అక్కడే ఒక భవనంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ పెట్టారు. ఆ పని ఇప్పటి పిల్లలకు తెలియదు. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక, ఏం చూశాడో, ఏం మందిచ్చాడో ఫోన్లో చెప్పేస్తాడు. ఆ గొంతు రికార్డై, వాళ్ళకు రాత్రయ్యాక ఇక్కడికి వస్తుంది. ఇక్కడ మనకు పగలు. మనవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలికింద పెడల్‌తో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ విన్నది విన్నట్టు టైపు చేస్తారు. అమెరికాలో తెల్లారేసరికి రిపోర్టు అక్కడుంటుంది.

మేనేజరు రవీంద్ర గుంటూరాయన. ముప్పయ్యేళ్ళు దాటి ఉండవు, అప్పుడే జుట్టు నెరిసింది. నేను వెళ్ళేసరికి సైన్సు పిల్లలతో విసిగిపోయి ఉన్నాడు. "జబ్బుల పేర్లు వాళ్ళకు వచ్చండీ. కానీ డాక్టరు గొణిగితే వాక్యం ఎటు పోతోందో పట్టుకోలేకపోతున్నారు" అన్నాడు. మా వాళ్ళను పరీక్షించి చూడమన్నాను. ఒక టేపు వినిపించి రాయమన్నాడు. మా క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే స్వరూప అందరికంటే బాగా రాసింది.

స్వరూప తండ్రి మల్లయ్య పాలమూరు వైపు నుంచి వచ్చి మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా ఉండేవాడు. లిఫ్ట్ పక్కన ఒక్క గది వాళ్ళ ఇల్లు. ఇంగ్లీషు చదివితే ఏమొస్తుందని అందరూ అన్నా వినకుండా కూతుర్ని చదివించాడు. స్వరూపను మూడు నెలల ట్రైనింగ్‌కి తీసుకుంటానని, నచ్చితే ఉద్యోగం ఇస్తానని రవీంద్ర అన్నాడు. ప్రిన్సిపాల్ గారికి చెబితే, "ఆ అమ్మాయి నిలబడితే మీ సెక్షన్ నిలబడినట్టే" అన్నారు.

ముసలాయన

మొదట్లో అన్నీ బాగానే సాగాయి. శనివారాలు స్వరూప కాలేజీకి వచ్చి కబుర్లు చెప్పేది. తనకు ఒక పెద్ద వయసు డాక్టరు ఫైళ్ళు ఇస్తున్నారని, ఆయన గొంతు మిగతావాళ్ళకు అర్థం కావడం లేదని, తనకు మాత్రం బాగానే తెలుస్తోందని చెప్పింది. పేరు చెప్పకూడదని రూలు. అందుకని ముసలాయన అనేది.

"అందరు గబగబ చెప్పి పెట్టేస్తరు మేడం. ముసలాయన మాత్రం ఆఖర్ల 'నువ్వు ఎవరివైనా సరే, థాంక్స్' అంటడు. మంచిగనిపిస్తది" అంది.

తర్వాత రెండు శనివారాలు రాలేదు. ఆ తర్వాత మల్లయ్యే వచ్చాడు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పిల్ల మంచిగలేదు మేడం. ఏందమ్మా అంటే ఏం లేదంటది. ఇంట్ల తలుపు దిక్కు ఈపు పెట్టి కూసుంటలేదు. గోడకు ఆనుకునే తింటది. నౌకరి బంద్ చెయ్యమంటే చెయ్యనంటది. పరేషాన్ అయితుంది. మీరు జర కనుక్కోండ్రి."

మర్నాడు స్వరూపను పిలిపించాను. చెట్టుకింద బెంచీ మీద కూర్చున్నాం.

"ముసలాయన నాతోని మాట్లాడుతుండు మేడం" అంది.

"థాంక్స్ చెబుతాడన్నావు కదమ్మా."

"గది కాదు. మధ్యల ఆపుతడు. ఊపిరి తీసుకునుడు ఇనిపిస్తది. ఇగ అప్పుడు అడుగుతడు, నీ వెనక ఎవరున్నరు అని. మొదలు రోగినేమో అనుకున్న. తెల్లారి ఇంకో ఫైల్ల, ఆమె ఇంక నిలబడే ఉంది, కూసోమని చెప్పు అన్నడు. నేను ఎనకకు చూసిన మేడం. ఎవ్వరు లేరు. గోడ ఉంది."

వినే పిల్లను ఆయన ఎలా చూడగలడు, అది ముందురోజు ఎప్పుడో అక్కడ రికార్డైన గొంతు కదా అన్నాను. "నాకు తెల్వదా మేడం" అంది. దాని గొంతులో కోపం వినడం అదే మొదలు.

అంతకంటే దాన్ని తినేస్తున్నది వేరే ఉంది. ఆ ముసలాయన రిపోర్టుల్లోకి ఒకావిడ వచ్చి చేరింది. రోగి ఎవరైనా సరే, మగాడైనా, పసివాడైనా, మధ్యలో 'ఆమె ఎడమ చెయ్యి చల్లగా ఉంది' అంటాడు. 'ఆమె కిటికీ పక్కన కూర్చుంది' అంటాడు. విన్నది విన్నట్టు రాయాలి గనక స్వరూప రాసింది. తప్పులు దిద్దే సెక్షన్ వాళ్ళు మగ రోగి రిపోర్టులో 'ఆమె' అని ఎందుకుందని ఎర్రగీతలు పెట్టారు. టేపు వినే తీరిక వాళ్ళకు లేదు. మార్కులు పడిపోయాయి. ఇంకో వారం ఇలాగే ఉంటే ట్రైనింగ్ ఆపేస్తామన్నారు.

"నాకే గట్ల ఇనిపిస్తుందా మేడం? నేను పాగల్ అయితున్ననా? ఒక్కసారి మీరు ఇనుండ్రి" అంది.

ఒకే హెడ్‌ఫోన్

మర్నాడు నేనే మాదాపూర్ వెళ్ళాను. రవీంద్రకు చెబితే అభ్యంతరం చెప్పలేదు. స్వరూప కుర్చీ చివరి వరసలో, గోడకు ఆనించి ఉంది. హాలంతా పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేస్తున్నారు. పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినపడదు. అంతమంది ఉన్నా ఎవరికి వాళ్ళు ఒంటరిగా ఉన్న గది అది.

హెడ్‌ఫోన్ ఒకటే. ఒక చెవి స్వరూపకు, ఒక చెవి నాకు. తలలు ఆనించి కూర్చున్నాం. స్వరూప పెడల్ తొక్కింది.

మంచి గొంతు. నెమ్మదిగా, మర్యాదగా ఉంది. పదేళ్ళ పిల్లవాడు, సైకిల్ మీంచి పడి మోకాలికి దెబ్బ తగిలింది, ఎముక విరగలేదు. అంతా మామూలుగా చెప్పుకొచ్చాడు. తర్వాత, అదే గొంతుతో, ఏ తేడా లేకుండా, "ఆమె ఎడమ చెయ్యి ఇవాళ ఇంకా చల్లగా ఉంది" అన్నాడు. స్వరూప నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఒక గుండెజబ్బు మందు పేరు చెప్పాడు. దాని మోతాదు చెప్పాడు. అది పెద్దవాళ్ళకిచ్చే మందు. అది ఆ పిల్లవాడి రిపోర్టు.

బయట ఈల వేశారు. రాళ్ళు పేల్చబోతున్నారు.

టేపులో ఆయన ఆగాడు. ఊపిరి వినిపించింది. ఎవరినో తేరిపార చూస్తున్నవాడు మాట్లాడే తీరులో అన్నాడు. ఇంగ్లీషులో ఆయన అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"ఓహో. ఇవాళ మీరిద్దరున్నారు."

కాలికింద నేల అదిరింది. హెడ్‌ఫోన్ తీసేశాను. ఆయన గదిలో ఆయనకు ఇద్దరు ఆడవాళ్ళు కనబడి ఉంటారు, అంతే. ఆ మాట నాకు అప్పుడే తోచింది. తోచినా ఆ హెడ్‌ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకోలేదు.

ఒక్క వాక్యం

ఇద్దరం రవీంద్ర గదిలోకి వెళ్ళాం. ఫైలు వినమన్నాను.

"నేను వినను మేడం" అన్నాడు.

"ఎందుకండీ?"

తలుపు వేసి వచ్చాడు. "ఈ అమ్మాయి చేరిన మొదటివారమే విన్నానండీ. అంతకుముందు ఆ ఫైళ్ళు చేసిన కుర్రాడు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఎందుకా అని విన్నాను. అందుకే మళ్ళీ వినను."

"తెలిసీ ఈ పిల్ల తప్పంటున్నారా?"

"చూడండి మేడం. నాకున్నది ఒకటే హాస్పిటల్. మీ డాక్టరుకు మతి సరిగా లేదని ఇక్కడ్నుంచి మనం చెబితే రేపు ఆ పని వేరే ఊరికి పోతుంది. బయట కూర్చున్నవాళ్ళంతా రోడ్డున పడతారు. మనం టైపు చేసేవాళ్ళమండీ, వైద్యం చేసేవాళ్ళం కాదు."

చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళయిన బాసులు ఈ వృత్తిలో నాకు తక్కువే తగిలారు. భయపడ్డ బాసులే ఎక్కువ. వాళ్ళ దగ్గరికి పిల్లల్ని పంపేటప్పుడు ఆ భయం దేని గురించో ముందు కనుక్కోవాలి.

నేను గట్టిగా మాట్లాడబోతుంటే స్వరూప అడ్డొచ్చింది. "సార్, మోకాలి దెబ్బ పిల్లగానికి గుండె మందు రాసుండు. నేను ఆ మందు టైపు చేస్తే వాళ్ళు ఇస్తరు. చెయ్యకపోతే నాది తప్పంటరు. మీరే చెప్పుండ్రి, ఏది కొట్టాలె?"



మాట సరిగా వినపడనప్పుడు ఖాళీ వదిలి, పక్కన హాస్పిటల్‌కు ఒక చిన్న గమనిక రాసే పద్ధతి ఉందట. స్వరూప ఆ మాట చెప్పింది. ఆ గమనికలో ఏం రాయాలో చూద్దామని మళ్ళీ దాని కుర్చీ దగ్గరికి వెళ్ళాం. ఆ మధ్యాహ్నం ఒక్క ఇంగ్లీషు వాక్యం కోసం మేమిద్దరం పడ్డ కష్టం నేను క్లాసులో ఏ వ్యాసం దిద్దడానికీ పడలేదు. 'డాక్టరు అయోమయంలో ఉన్నారు' అని నేనంటే, "అది మనకెట్ల తెలుసు మేడం?" అంది. 'వింతగా మాట్లాడుతున్నారు' అంటే, వింత అన్నది మన మాట, ఆయన మాట కాదంది. మనం విన్నదే రాయాలి, అనుకున్నది రాయకూడదు. చివరికి మిగిలింది ఇది. ఈ మందు ఈ రోగికి సంబంధించినదిగా లేదు. డాక్టరు గారు గదిలో మరొకరితో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. దయచేసి రికార్డింగు మీరే వినండి.

ఆ రిపోర్టు బయటికి పోవాలంటే రవీంద్ర తన కంప్యూటర్లో ఒప్పుకోవాలి. ఆయన చదివాడు. చెయ్యి మౌస్ మీద పెట్టి కిటికీలోంచి రాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పంపడనే అనుకున్నాను. మేం చూస్తుండగానే నొక్కేశాడు. "ఇంక ఆ ఫైళ్ళు నీకివ్వనమ్మా" అన్నాడు స్వరూపతో.

జవాబు

వారం పైనే ఏమీ తెలియలేదు. ముసలాయన ఫైళ్ళు రావడం ఆగిపోయింది. ఇంకేముంది, కాంట్రాక్టు పోయినట్టేనని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. స్వరూపతో కలిసి తినేవాళ్ళు వేరే బల్లకు మారిపోయారు. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు వెళ్ళి దానితో పాటు కూర్చుని టిఫిన్ తిన్నాను.

తర్వాత హాస్పిటల్ వాళ్ళు రవీంద్రకు ఫోన్ చేశారు. రికార్డింగులన్నీ విన్నారట. ఆయన్ను పరీక్ష చేయిస్తే మెదడులో గడ్డ బయటపడిందట. అంతకుముందు చలికాలంలో ఆయన భార్య పోయింది, గుండెజబ్బుతో. కొన్ని నెలలుగా ఆవిడ రోజూ కిటికీ పక్కన కూర్చుని ఉండడం చూస్తున్నానని, అది మామూలు సంగతే అన్నట్టు వాళ్ళకు చెప్పాడట. ఆయన చూసిన రోగులందరినీ పిలిచి మళ్ళీ చూశారు. ఆ పిల్లవాడికి మందు వెళ్ళలేదు.

కాంట్రాక్టు పోలేదు. స్వరూపకు ఉద్యోగం ఇచ్చారు. మా కాలేజీ నుంచి ఇంకొంతమందిని తీసుకున్నారు. మా సెక్షన్ ఎత్తేయలేదు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఎవరికి చెప్పినా సంతోషించేవారు.

ఆఖరి ఫైలు

వానాకాలం మొదట్లో రవీంద్ర నన్ను రమ్మని కబురు పంపాడు. ముసలాయన నంబరు మీద ఒక ఫైలు వచ్చిందట. అందులో రోగి పేరు లేదు. "మీ అమ్మాయి కోసం పంపారండీ. ఒక్కదానికే వినిపించడం నాకిష్టం లేదు" అన్నాడు. ఈసారి ఆయన కూడా విన్నాడు. స్పీకర్లో పెట్టి, తలుపు మూసి, ముగ్గురం కూర్చున్నాం.

గొంతు బాగా నీరసించింది. మాటకీ మాటకీ మధ్య చాలా దూరం ఉంది. కానీ తేటగా ఉన్నాడు. ఆపరేషన్ అయిందని, తన రికార్డింగు విని గమనిక రాసినవాళ్ళకు థాంక్స్ చెప్పడానికి అనుమతి అడిగి చేస్తున్నానని చెప్పాడు. గదిలో ఎవరూ లేరని డాక్టర్లు చెప్పారు, తనూ డాక్టరే గనక ఒప్పుకున్నానని అన్నాడు. నా భార్య రాలేదు, ఆవిణ్ణి చూపించింది నా జబ్బు, అన్నాడు.

ఆగాడు. ఊపిరి వినిపించింది.

"ఒక్కటే నాకు తేలడం లేదు. నేను ఫోన్లో చెబుతుంటే, వాక్యం అయినప్పుడల్లా ఎవరో వింటున్నట్టు చిన్న శబ్దం చేసేవారు. మాట కాదు. పెదవులు మూసుకునే చేసే శబ్దం. ప్రతి వాక్యానికీ ఒకసారి. నా భార్య ఎప్పుడూ అలా చెయ్యలేదు. మా వైపు ఎవరూ చెయ్యరు. అది వినే, వింటున్నదెవరా అని నేను తల తిప్పి చూడడం మొదలుపెట్టాను. అది నువ్వేనా?"

ఫైలు అయిపోయింది. రవీంద్ర నా వంక చూశాడు. నేను స్వరూప వంక చూశాను.

"ఊఁ కొట్టేటిదాన్ని మేడం" అంది. "మా నాయన చిన్నప్పుడు కథలు చెప్తుంటే ఊఁ కొట్టకపోతే ఆపేటోడు. ముసలాయన గూడ గట్లనే నిమ్మళంగ చెప్తడు. ఇనుకుంట ఇనుకుంట ఊఁ అనేటిదాన్ని. ఎవ్వరికి ఇనవడకుండ. మీకు గూడ చెప్పలే."

"నువ్వు విన్నది ఆయన చెప్పిన మర్నాడు కదమ్మా" అన్నాడు రవీంద్ర నెమ్మదిగా.

"అవును సార్" అంది.

ఆ తర్వాత చాలా కాలం స్వరూప ఆ పనిలోనే ఉంది. పైకి వచ్చింది, మా పిల్లలెందరికో పని నేర్పింది. నేను కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి చూసేదాన్ని. హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు పైట చెంగు నాలుగు మడతలు పెట్టి పళ్ళ మధ్య గట్టిగా కరిచి పట్టుకునేది. ఫైలు అయిపోయేదాకా వదిలేది కాదు.